సైడర్ అంటే మందూ కాదు, వెనిగరూ కాదు: మిషిగన్‌లో మీ మొదటి అక్టోబరు కోసం

వేసవిలో మిషిగన్‌కి వచ్చినవాళ్లకు అక్టోబరు రాగానే ఆఫీసులో ఓ మెయిల్ వస్తుంది: శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి సైడర్, డోనట్స్, అందరూ రండి అని. నా మొదటి ఏడు సైడర్ అంటే మందేమో అనుకుని మంచినీళ్ల గ్లాసు పట్టుకుని ఓ మూల నిలబడ్డాను. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "బరువు తగ్గడానికి పరగడుపున తాగుతారే ఆ వెనిగరా? దాంతో డోనట్ ఎలా తింటారండీ?" అంది. ఇద్దరం తప్పే. ఇక్కడ ఉత్త సైడర్ అంటే యాపిల్ పండ్లను నలిపి పిండిన రసం, తేరకుండా మడ్డితో సహా. పులియబెట్టిన మందును హార్డ్ సైడర్ అంటారు, ఆ మాట సీసా మీదే ఉంటుంది. లండన్‌లో ఉన్న మీ బాబాయి కొడుకు సైడర్ అంటే మాత్రం అది మందే. వాట్సాప్‌లో వాదించుకోకండి.

డెట్రాయిట్ చుట్టుపక్కల సైడర్ మిల్లుకి వెళ్లడం మన తిరునాళ్లకు వెళ్లినట్టే. రోచెస్టర్ హిల్స్‌లో యేట్స్ మిల్లుంది. దాన్ని 1863లో పిండిమరగా కట్టారు. ఫ్రాంక్లిన్ ఊళ్లో ఉన్నది ఇంకా పాతది, 1837 నాటిది. శని, ఆదివారాల్లో పార్కింగ్ దొరకడం కష్టం, కుదిరితే వారం మధ్యలో వెళ్లండి. కప్పుకి మూత తప్పకుండా అడిగి తీసుకోండి. తీపి వాసనకి కందిరీగలు కప్పులోనే దిగుతాయి.

పండ్లు మనమే కోసుకునే తోటల్లో సంచి లెక్కన డబ్బు కట్టాలి. పెక్ సంచిలో సుమారు 10 పౌండ్లు పడతాయి, అంటే నాలుగున్నర కిలోలు. మేము మొదటిసారి ఉత్సాహం ఆపుకోలేక బుషెల్ కొన్నాం. అది 40 పౌండ్ల లెక్క. వారం పాటు ఫ్రిజ్‌లో పాల డబ్బాకి చోటు లేదు. చెట్టు కింద రాలిన పండ్లు ఏరకండి, జింకలు తిరిగి పెంట వేసే నేల అది.

మిల్లులో గాలన్ డబ్బా కొంటే ముందు లేబుల్ చదవండి. పాశ్చరైజ్ చేయని, అంటే వేడిచేసి క్రిములు చంపని రసమైతే పిల్లలకు, పెద్దవాళ్లకు, రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవాళ్లకు ప్రమాదమని రాసి ఉంటుంది. ఊరికే రాసింది కాదు. 1996లో అలాంటి యాపిల్ రసం వల్లే అమెరికాలో ఈ. కోలై అనే బ్యాక్టీరియా సోకి చాలామంది జబ్బు పడ్డారు. ఇంట్లో గర్భిణి ఉన్నా, ఆరు నెలలకని అమ్మానాన్న వచ్చి ఉన్నా ఆ రసాన్ని పచ్చిగా ఇవ్వకండి. పొయ్యి మీద మరగనిస్తే భయం లేదు.

ఇక ఇంట్లో చేసుకోవడం. రసం పిండే మర మన దగ్గర ఉండదు. ఇండియా నుంచి మోసుకొచ్చిన మిక్సీ ఇక్కడి 120 వోల్టుల కరెంటుకి సరిగ్గా తిరగదు. కాబట్టి ఉడకబెట్టి తీయడమే సుఖం. పది మధ్యరకం పండ్లు చాలు, సుమారు రెండు కిలోలు. ఒకే రకం వద్దు. తీపికి గాలా గానీ ఫుజీ గానీ ఆరు, పులుపుకి మెకింటాష్ గానీ గ్రానీ స్మిత్ గానీ నాలుగు. ఎర్రగా నిగనిగలాడే రెడ్ డెలిషస్‌ని చూసి మోసపోకండి, ఉడికితే చప్పిడి. హనీక్రిస్ప్ కోసుకుని తినండి, అంత ధర పెట్టి ఉడకబెట్టడానికి నాకైతే మనసొప్పదు.

తొక్క తీయక్కర్లేదు. నాలుగేసి ముక్కలు చేసి పెద్ద గిన్నెలో వేసి, ముక్కలు మునిగి పైన రెండు వేళ్లు నిలిచేలా నీళ్లు పోయండి. ఒక నారింజను తొక్కతోనే చక్రాలుగా కోసి వేయండి. ప్రెషర్ కుక్కర్ జోలికి మాత్రం పోవద్దు. యాపిల్ ఉడికేటప్పుడు నురగ పొంగి విజిల్ రంధ్రాన్ని మూసేస్తుంది. నేను చేసిన రోజు విజిల్ రాలేదు సరికదా, పక్క నుంచి జిగురు రసం బుస్సున చిమ్మి స్టవ్ మీదంతా అట్టలు కట్టింది.

మన చేతికి అదుపు కావాల్సింది మసాలా దగ్గరే. అమెరికన్ దుకాణంలో చిన్న సీసా దాల్చినచెక్కకి పెట్టే డబ్బుతో ఇండియన్ స్టోర్‌లో పెద్ద ప్యాకెట్టే వస్తుంది, అక్కడే కొనండి. కానీ అది మందంగా, ఘాటుగా ఉండే చెక్క. వేలెడు ముక్కలు రెండు చాలు. లవంగాలు ఆరు, లెక్కపెట్టి వేయండి. అంగుళం అల్లం ముక్క చితక్కొట్టి వేయండి, జాజికాయను తురుముపీట మీద రెండుసార్లు గీకండి. యాలకులు ఒకటో రెండో, అది మన సరదా, ఇక్కడివాళ్లు వేయరు. అనాసపువ్వు, మరాఠీ మొగ్గ డబ్బాలోనే ఉండనివ్వండి. బిర్యానీ చేతివాటంతో వేస్తే అది దగ్గు కషాయం అవుతుంది. ఒకసారి మా ఇంటికొచ్చిన స్నేహితుడు గుక్క తాగి, "మిరియాలు వేయడం మర్చిపోయావా?" అన్నాడు.

మరుగు రాగానే సిమ్‌లో పెట్టి గంటన్నర వదిలేయండి. ముక్కలు మెత్తబడ్డాక పప్పుగుత్తితో మెదిపి, ఇంకో అరగంట ఉంచండి. అపార్ట్‌మెంట్లో తాలింపు పెడితే కూసే స్మోక్ అలారం దీనికి కూయదు. పైగా కారిడార్ అంతా వాసనొచ్చి ఎదురింటివాళ్లు తలుపు తీసి చూస్తారు.

వడకట్టడానికి సామానులో అమ్మ పెట్టిన పాత నూలు పంచె ముక్క కంటే మంచిది లేదు. చల్లారాక మూటకట్టి గట్టిగా పిండండి. రుచి చూశాకే బెల్లమో, బ్రౌన్ షుగరో కలపండి. మెకింటాష్ ఎక్కువ పడితే అరకప్పు పడుతుంది, లేకపోతే రెండు చెంచాలే. మాకైతే దాదాపు రెండు లీటర్లు వస్తుంది. ఫ్రిజ్‌లో వారం లోపు తాగేయండి. డబ్బా ఉబ్బితే, మూత తీయగానే బుస్సుమంటే అది పులుస్తున్నట్టే, పారబోయండి.

పిప్పి చెత్తబుట్టలో వేయండి, సింకులో వద్దు. సింకు కింద చెత్త నలిపే గ్రైండరుంది కదా అని నేను అంతా అందులో తోశాను. రాత్రి పదింటికి సింకు నిండా గోధుమరంగు నీళ్లు నిలబడ్డాయి. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ పెద్దాయన వచ్చి, వంగి ఓసారి వాసన చూసి, "సైడరా?" అన్నాడు. పని అయ్యేదాకా ఆయన కోసం పక్కన పెట్టిన సైడర్ కప్పు ఇంకా వేడిగానే ఉంది. తాగి, కప్పు స్టవ్ పక్కన పెట్టి, "లవంగాలు కాస్త ఎక్కువయ్యాయి" అని చెప్పి వెళ్లాడు.