మామిడిపళ్లు దిగకముందే ఓసారి సాయంత్రం షుగర్ చూసుకోండి

కిడ్నీ మార్చుకున్నప్పుడు నాకు షుగర్ లేదు. మూడో నెలలో వచ్చింది, సరిగ్గా మే నెలలో, కావలి మార్కెట్లో మామిడిపళ్లు గుట్టలు పోసినప్పుడు. పరగడుపున చూస్తే 98. ఆ ధీమాతో దాహాన్ని ఎండ మీదికి, రాత్రి నాలుగుసార్లు లేవడాన్ని కొత్త కిడ్నీ మీదికి నెట్టేశా. ఒకరోజు సాయంత్రం నాలుగింటికి మా ఆవిడ అత్తగారి మిషన్ తెచ్చి వేలు గుచ్చితే 286! వేలికి పండు జిగురుందేమో, దానివల్ల కూడా ఎక్కువ చూపిస్తుందని సబ్బుతో కడిగి మళ్లీ చూశాం. 279.

కారణం కిడ్నీ మార్చుకున్నాక మనం మింగే మందులే. పొద్దున వేసుకునే ప్రెడ్నిసోలోన్ (స్టెరాయిడ్ మాత్ర) దెబ్బ మధ్యాహ్నం అన్నం తిన్నాక మొదలై సాయంత్రం దాకా ఉంటుంది, తెల్లారేసరికి చాలావరకు దిగిపోతుంది. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వేసుకునే టాక్రోలిమస్ ఏమో ఇన్సులిన్‌ని సరిగ్గా ఊరనివ్వదు. అందుకే పరగడుపు టెస్టు ఒక్కటే నమ్ముకోకండి, తిన్న రెండు గంటలకూ సాయంత్రమూ చూసి నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. 200 దాటుతుంటే డాక్టరుకు చూపించండి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) కూడా ఆపరేషన్ తర్వాత మొదటి మూడు నెలల్లో, రక్తం తక్కువున్నా ఎక్కించినా, ఉన్నదాని కంటే తక్కువ చూపించొచ్చు. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే, లేదా మీరు కాస్త లావైతే, మరీ జాగ్రత్త.

షుగర్ వచ్చిందని స్టెరాయిడ్‌గానీ టాక్రోలిమస్‌గానీ సొంతంగా తగ్గించొద్దు, కిడ్నీయే పోతుంది. డోసు మార్చాల్సింది డాక్టరే. పక్కింటాయన మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర) అరువు తెచ్చుకోవడం కూడా వద్దు, మీ క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడందే అది ఇవ్వరు. షుగరుకి మంచిదని ఎవరైనా పంపరపనస తెచ్చిస్తే అసలే ముట్టొద్దు, టాక్రోలిమస్ రక్తంలో పెరిగిపోతుంది. ఎండల్లో విరేచనాలు పట్టుకున్నా అది పెరుగుతుంది, కాబట్టి ఓఆర్ఎస్ తాగి ఊరుకోకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.

చేపల పులుసు మానక్కర్లేదు, ఉప్పు తగ్గించుకుంటే చాలు. అసలు దోషి దాంతో పాటు లాగించే మూడో వాయి అన్నం (నెల్లూరోళ్లకి చెప్పడం తేలికే, మానడమే కష్టం). మామిడిపండు ఒక చిన్న ముక్క, అదీ భోజనం మీద కాకుండా. పొటాషియం ఎక్కువుందన్నవాళ్లు పండైనా కొబ్బరినీళ్లైనా ముందు అడిగి తీసుకోండి. చెరుకురసం మాత్రం ఎవరికీ వద్దు.

ఇన్సులిన్ రాస్తే భయపడొద్దు, నాకు స్టెరాయిడ్ తగ్గించాక మాత్రలకి మార్చారు. వాడుతున్న ఇన్సులిన్ పెన్ను బండి డిక్కీలో వదిలేయకండి, మన ఎండకి మందు చెడిపోతుంది. షుగర్ 300 దాటి వాంతులు కూడా అవుతుంటే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి, మందుల చీటీ తీసుకుని.