ఎండలో చిన్న విమానం ఇంజిన్ వేడెక్కుతోందా? సమస్య - పరిష్కారం

నెల్లూరు, ఒంగోలు నుంచి పైలట్ ట్రైనింగుకి వెళ్లే పిల్లలకి రోహిణి కార్తె ఎండ కొత్త కాదు. సముద్ర మట్టం దగ్గర 42 డిగ్రీలుంటే గాలి సుమారు 3,200 అడుగుల ఎత్తులో ఉన్నంత పలచగా ఉంటుంది. అలాగని ప్రతి వేడినీ ఎండ మీదికి నెట్టేస్తే అసలు లోపం దాగిపోతుంది. ఇక్కడి అంకెలు లైకమింగ్ కంపెనీ ఇంజిన్ ఉన్న సెస్నా 172 అనే చిన్న విమానం రకానివి. మీ విమానం హ్యాండ్‌బుక్ ఏం చెబితే అదే ఖాయం.

సమస్య: హోల్డింగ్ పాయింట్ (రన్‌వే ఎక్కేముందు ఆగే చోటు) దగ్గర ఆయిల్ టెంపరేచర్ పెరుగుతూ పోతోంది

నిలబడ్డ విమానానికి ప్రొపెల్లర్ విసిరే గాలే దిక్కు. హబ్ (ప్రొపెల్లర్ మధ్య భాగం) దగ్గర బ్లేడు మొద్దుగా ఉంటుంది కాబట్టి అదీ అంతంతమాత్రమే. వెనక నుంచి గాలి కొడితే అదీ దక్కదు. ముక్కు గాలికి ఎదురుగా తిప్పి, 1000-1200 ఆర్‌పీఎంలో ఉంచండి. మన తీరంలో పొద్దున పడమటి గాలి ఉన్నా మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరగొచ్చు, విండ్‌సాక్ (గాలి దిశ చూపే గుడ్డ గొట్టం) చూసి నిలపండి. కాయితాల పని, జీపీఎస్ సెట్టింగు స్టార్ట్ చేయకముందే అయిపోవాలి. 1800 ఆర్‌పీఎం దగ్గర రన్-అప్ (ఎగిరే ముందు ఇంజిన్ పరీక్ష) చకచకా ముగించండి.

సమస్య: ఎక్కేటప్పుడు సిలిండర్లన్నీ వేడెక్కుతున్నాయి

ముక్కు బాగా ఎత్తి 74 నాట్ల దగ్గర ఎక్కుతుంటే పవర్ నిండుగా, గాలి తక్కువగా ఉంటుంది. అడ్డంకులు దాటాక ముక్కు దించి 85 నాట్లకి రండి. ట్యాక్సీలో (నేల మీద నడిపేటప్పుడు) లీన్ చేసిన, అంటే పెట్రోలు తగ్గించిన మిక్స్చర్ అలాగే ఉండిపోయిందేమో చూడండి. థ్రాటిల్ కొంచెం వెనక్కి లాగితే చల్లబడుతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. చాలా కార్బొరేటర్లలో అదనపు పెట్రోలు ఇచ్చే వాల్వ్ ఫుల్ థ్రాటిల్‌లోనే తెరుచుకుంటుంది. కొంచెం లాగితే అది మూసుకుని వేడి ఇంకా పెరగొచ్చు. కౌల్ ఫ్లాప్స్ (ఇంజిన్ గాలి బయటికి పోయే చిన్న తలుపులు) ఉన్న విమానమైతే అవి తెరిచే ఉండాలి.

సమస్య: ఒక్క సిలిండరే 400 ఫారెన్‌హీట్ (204 సెల్సియస్) దాటుతోంది

ఎండ ఒక్క సిలిండర్ మీదే పగబట్టదు. ముందు దాని ప్రోబ్‌ని (వేడి కొలిచే సెన్సర్) పక్క సిలిండర్ ప్రోబ్‌తో మార్చి చూడండి: వేడి ప్రోబ్ వెంట పోతే తప్పు ప్రోబ్‌దే. స్పార్క్ ప్లగ్ కింద పెట్టే వాషర్ రకం ప్రోబ్ రీడింగ్, సిలిండర్ హెడ్‌లోకి దిగే ప్రోబ్ రీడింగ్ ఒకలా ఉండవు. ఆ రెండింటినీ పోల్చకండి.

వేడి సిలిండర్ దగ్గరే ఉంటే పై కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) విప్పండి. గాలి ముందు నుంచి వచ్చి ఇంజిన్ పైన ఒత్తిడిగా నిండి, ఫిన్ల (సిలిండర్ చుట్టూ ఉండే పలచటి పలకల) సందుల్లోంచి కిందికి దిగాలి. బాఫిల్ (గాలిని దారి మళ్లించే రేకు) అంచున ఉండే సిలికాన్ సీల్ ముందుకు, లోపలికి వంగి ఉంటేనే ఒత్తిడి దాన్ని కౌలింగ్‌కి అదుముతుంది. వెనక్కి మడిచి మూత పెట్టేస్తే గాలంతా అక్కడే పారిపోతుంది. కౌలింగ్ లోపలి వైపు సీల్ రాసుకున్న నల్లటి గీత చూడండి. ఎక్కడ తెగిందో అక్కడ సందు ఉన్నట్టే. చీకట్లో కింద నుంచి టార్చి వేస్తే, ఫిన్ల మధ్య కాకుండా వేరే చోట కనిపించే వెలుగంతా నష్టమే. చిన్న సందులకి ఆర్‌టీవీ సిలికాన్ (సందులు పూడ్చే పేస్టు) చాలు, చిరిగిన సీల్ మాత్రం మార్చాల్సిందే. సిలిండర్ల మధ్య రేకు ఊడిందా, ఫిన్లలో పిట్ట గూడు పుల్లలున్నాయా, ఇంటేక్ పైపు గాస్కెట్ దగ్గర గాలి పీలుస్తోందా, అవీ చూడాలి. రిపేరుకి ఏఎంఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజినీరు) సంతకం తప్పనిసరి.

సమస్య: సిలిండర్లు మామూలే, ఆయిల్ మాత్రం 245 ఫారెన్‌హీట్ వైపు పోతోంది

ఆయిల్ మట్టం, కూలర్ ఫిన్లలో దుమ్ము, పురుగులు చూడండి. అవి బాగుంటే ఆయిల్ వేడిని బట్టి పనిచేసే వెర్నాథర్మ్ వాల్వ్‌ని అనుమానించాలి: అది దాదాపు 185 ఫారెన్‌హీట్ దగ్గర మూసుకుని ఆయిల్‌ని కూలర్‌లోకి పంపాలి. ఆయిల్ ప్రెషర్ కూడా పడిపోతుంటే దగ్గర్లో ఉన్న రన్‌వే మీద దిగేయండి.

సమస్య: సిలిండర్ హెడ్ టెంపరేచర్ సెకనుకో డిగ్రీ చొప్పున దూసుకుపోతోంది

ఇది గాలి లోపం కాదు, డిటొనేషనో (మిశ్రమం ఒక్కసారిగా పేలడం) ప్రీ-ఇగ్నిషనో (ప్లగ్ నిప్పు కంటే ముందే అంటుకోవడం). థ్రాటిల్ బాగా తగ్గించి, మిక్స్చర్ రిచ్ చేసి (పెట్రోలు పెంచి) దిగండి. దిగాక పెట్రోలు గ్రేడు, ప్లగ్గులు, మాగ్నెటో (ప్లగ్గులకి కరెంటు ఇచ్చే పరికరం) టైమింగు చూపించకుండా మళ్లీ ఎగరకూడదు.