మెదడు పాఠాన్ని కథగా చెప్పే పద్ధతి

హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు 1919లో విజయనగరం సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులయ్యారు. ఆ సంప్రదాయం నడిచిన నేల కాబట్టి, హరిదాసు కథను మంచి పట్టులో ఆపి, పిట్టకథ చెప్పి, వదిలిన చోటనే మళ్లీ అందుకోవడం మన జిల్లాల వారికి బాగా తెలుసు. ఎంబీబీఎస్ విద్యార్థులకు మెదడు గురించి, మనసు గురించి చెప్పేటప్పుడు నేను పాటించే పద్ధతి కూడా ఇదే. రోగికి జరిగినది ప్రధాన కథ. నాడీవ్యవస్థ నిర్మాణం పిట్టకథ. జబ్బు పేరు చివరిదాకా చెప్పకూడదు, ఎందుకంటే పేరు తెలిసిన మరుక్షణం విద్యార్థి ఆలోచించడం మాని గుర్తుచేసుకోవడం మొదలుపెడతాడు.

జ్ఞాపకశక్తి పాఠానికి హెన్రీ మొలైసన్ అనే రోగి కథను మించినది లేదు. తగ్గని మూర్ఛల కోసం 1953లో, ఆయనకు 27 ఏళ్ల వయసులో, అమెరికాలో శస్త్రచికిత్స చేసి మెదడులో రెండు వైపులా ఉండే హిప్పోకాంపస్‌లో చాలా భాగాన్ని, దాని చుట్టుపక్కల భాగాలను తొలగించారు. మూర్ఛలు తగ్గాయి గానీ, ఆ తరువాత కలిసిన మనిషిని కాసేపటికే మరచిపోయేవాడు. ఇక్కడ కథ ఆపండి. ఇద్దరిద్దరికి ఒక చిన్న అద్దం, జంట గీతలతో నక్షత్రం గీసిన కాగితం ఇవ్వండి. చేయి నేరుగా కనబడకుండా పుస్తకం అడ్డుపెట్టి, అద్దంలో చూస్తూ ఆ రెండు గీతల మధ్య పెన్సిల్ నడపమనండి. మొదటిసారి మూల తిరిగే చోట చేయి మొరాయిస్తుంది, పెన్సిల్ గీత దాటి బయటికి పోతుంది. మూడోసారికి కొంత దారికి వస్తుంది. అప్పుడు కథ అందుకోండి: మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఆయన చేత మూడు రోజులు ఇదే పని చేయించారు, రోజురోజుకూ తప్పులు తగ్గాయి, అయినా అంతకు ముందు ఆ పని చేసినట్టే ఆయనకు గుర్తులేదు. "చేతికి గుర్తుండి మనిషికి గుర్తులేకపోవడం ఎలా సాధ్యం?" అని విద్యార్థే అడుగుతాడు. సంఘటనల జ్ఞాపకానికి హిప్పోకాంపస్ ఎంత అవసరమో, చేతి నేర్పుకు మెదడు లోతున ఉండే బేసల్ గ్యాంగ్లియా, వెనుక కింది భాగమైన సెరెబెల్లం ఎలా తోడ్పడతాయో చెప్పవలసినది ఆ ప్రశ్న వచ్చాకే.

తొలి ఏళ్లలో నేను కథనే సాగదీసి పిట్టకథను తొందరగా ముగించేవాడిని. పరీక్షలో పిల్లలు మొలైసన్ జీవితం చక్కగా రాశారు, హిప్పోకాంపస్ మెదడులోని ఏ లోబ్‌లో (ఖండంలో) ఉంటుందో మాత్రం రాయలేకపోయారు. అప్పటి నుంచి ప్రతి మలుపు దగ్గర బొమ్మ గీయించకుండా ముందుకు సాగడం లేదు.

పరాయి దేశపు కథలతో పాటు మన ఊరి కథ కూడా అల్లుకోవాలి. ఉదాహరణకు, పలాస జీడిపప్పు బట్టీలో పనిచేసే ఒకామె రాత్రి పదింటికి బాగానే పడుకుంది. ఉదయం ఆరింటికి లేస్తే కుడిచేతిలోని గ్లాసు జారిపోయింది, మాట తడబడింది. ఇంట్లోవాళ్లు వాతమనుకుని నూనె రాశారు. కుడిచేయి, మాట రెండూ దెబ్బతిన్నాయంటే మెదడులో ఏ వైపు, ఏ రక్తనాళం అని అడగండి. మెదడు ఎడమ సగంలో చేతిని, మాటను నడిపే భాగాలకు రక్తం అందించే ఎడమ మిడిల్ సెరెబ్రల్ ఆర్టరీ దగ్గరికి వారే వస్తారు. తరువాత గడియారం సంగతి. రక్తపు గడ్డను కరిగించే మందుకు సాధారణంగా నాలుగున్నర గంటల గడువు ఉంటుంది, సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాకే ఆ మందు ఇస్తారు. చాలామంది ఆరింటి నుంచి లెక్కపెడతారు. కానీ ఆమె చివరిసారి బాగా ఉన్నది రాత్రి పదింటికి, కాబట్టి లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. ఇలాంటి కథలో నిజమైన రోగిని పోల్చుకునే వీలు లేకుండా ఊరు, వయసు, వృత్తి మార్చడం తప్పనిసరి.

కథ రుచి కోసం నిజాన్ని పెంచకూడదు. 1848లో ఇనుప కడ్డీ తల గుండా దూసుకుపోయిన ఫినియాస్ గేజ్ జీవితాంతం పనికిరానివాడిగా మిగిలాడని చాలామంది చెబుతారు. నిజానికి ఆయన తరువాత చిలీ దేశంలో ఏళ్ల తరబడి గుర్రపు బండి తోలాడు. ఆ సంగతి వదిలేస్తే, దెబ్బతిన్న మనిషి కోలుకోగలడన్న విషయం పాఠంలో నుంచి జారిపోతుంది.

మనసు జబ్బుల దగ్గర విద్యార్థి చెప్పడం కన్నా వినడం ముఖ్యం. కుంగుబాటుతో వచ్చిన పల్లె మనిషి ఆ మాట వాడడు, "గుండె బరువుగా ఉంది బాబూ", "ఒళ్లు లాగేస్తోంది" అంటాడు. గాలి సోకిందని, అమ్మవారు పూనిందని చెప్పినా నవ్వకుండా, అప్పుడు ఇంట్లో ఏం జరుగుతోందో అడగాలి. అందుకే ప్రతి విద్యార్థినీ వార్డుకు పంపి, రోగి అనుమతితో అరగంట విని, వైద్య పదం ఒక్కటీ లేకుండా ఒక పేజీ రాయమంటాను. రాసినది మర్నాడు ఆ రోగికే చదివి వినిపించి, "అలాక్కాదు బాబూ" అన్న చోటల్లా దిద్దుకుని వచ్చాకే ఆ పేజీని తరగతిలో చదవనిస్తాను.