వేడినీళ్ల ట్యాంకుకు అదుపు – 4వ పాఠం: రెండో కాపలా

పోయిన పాఠంలో మన హాస్టల్ ట్యాంకును, 1,000 లీటర్లను, 60 డిగ్రీల దగ్గర నిలబెట్టాం. ఫేజుకొకటి చొప్పున మూడు 4 కిలోవాట్ల హీటర్లు, ఒక్కోదానికీ ఒక ఎస్‌ఎస్‌ఆర్ (కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ స్విచ్), నీళ్ల వేడిని కొలిచే పీటీ100 సెన్సరు, దాని మాట విని ఎస్‌ఎస్‌ఆర్‌లను నడిపే కంట్రోలరు. అంతా సవ్యంగా నడుస్తోంది. ఈ పాఠం అది నడవని రోజు కోసం.

ఎస్‌ఎస్‌ఆర్‌కి ఒక చెడ్డ గుణం ఉంది. పాడైతే సాధారణంగా ఆగిపోదు, షార్టయి కూర్చుంటుంది. కంట్రోలరు డిస్‌ప్లేలో ఔట్‌పుట్ సున్నా అని కనిపిస్తుంది, హీటరు మాత్రం కాలుతూనే ఉంటుంది. సెన్సరు థర్మోవెల్‌లోంచి (ట్యాంకు నీళ్లలోకి దిగి ఉండే, సెన్సరును దూర్చే గొట్టం) జారి బయట వేలాడితే ఇంకా ఘోరం. అది గదిలో గాలిని కొలుస్తూ 'నీళ్లు చల్లగా ఉన్నాయి' అంటుంది, కంట్రోలరు నమ్మి మూడు హీటర్లూ వేస్తుంది.

ఎంతసేపట్లో మరుగుతాయి? లీటర్లను పెరగాల్సిన డిగ్రీలతో గుణించి 860తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. 60 నుంచి 100కి: 1,000 × 40 ÷ 860, అంటే 46.5 యూనిట్లు. 12 కిలోవాట్లతో నాలుగు గంటల లోపే. సెన్సరు రాత్రి పదింటికి జారితే రెండింటికల్లా ట్యాంకు కుతకుతలాడుతుంది, అప్పుడు చూసేవాడెవడూ ఉండడు. ఒక్క ఎస్‌ఎస్‌ఆరే షార్టయితే పదకొండు గంటలు దాటుతుంది. కానీ సెలవుల్లో, నీళ్లు వాడేవాళ్లు లేనప్పుడు, ఆ పదకొండు గంటలూ దొరుకుతాయి.

అందుకే రెండో కాపలా. కంట్రోలరులోనే 'హై అలారం' ఉందిగా అంటారు చాలామంది. ఉంది, కానీ అది వినేదీ అదే సెన్సరు మాట. దొంగనే సాక్షికి పిలిచినట్టు! కాబట్టి కంట్రోలరుతో ఏ సంబంధమూ లేని క్యాపిలరీ థర్మోస్టాట్ (బల్బులోని ద్రవం వేడికి ఉబ్బి స్విచ్‌ను విడగొట్టేది) ఒకటి పెడతాం, 75 డిగ్రీలకు. దాని బల్బుకు వేరే థర్మోవెల్, ట్యాంకు పైభాగంలో, ఎందుకంటే వేడినీళ్లు పైకే చేరతాయి. ఒకచోట సెన్సరునూ బల్బునూ ఒకే గొట్టంలో దూర్చి ఉండడం చూశాను. గొట్టం మీద సున్నం పేరుకుంటే రెండూ కలిసే ఆలస్యంగా మేలుకుంటాయి.

ఈ థర్మోస్టాట్ చేత్తో నొక్కితేనే మళ్లీ కలిసే రకం కావాలి. తనంతట తనే కలిసే రకమైతే రాత్రంతా 75 దగ్గర ఆగుతూ, అంటుకుంటూ రోజులు గడిచిపోతాయి, ఏదో పాడైందని ఎవరికీ తెలియదు.

ఇది కోయాల్సింది ఎస్‌ఎస్‌ఆర్‌కి వెళ్లే సిగ్నల్‌ను కాదు. షార్టయిన ఎస్‌ఎస్‌ఆర్‌కి సిగ్నల్‌తో పనేముంది? ఎస్‌ఎస్‌ఆర్‌లకు ముందు మెయిన్ కాంటాక్టర్ (కాయిల్‌లో కరెంటు ఉన్నంతసేపే కలిసి ఉండే పెద్ద స్విచ్) ఒకటి ఉండాలి, దాని కాయిల్‌కి వెళ్లే ఒకే తీగ మీద అన్నీ వరసగా: ఎమర్జెన్సీ బటన్, 75 థర్మోస్టాట్, ట్యాంకులో నీళ్లున్నంతసేపూ కలిసి ఉండే ఫ్లోట్ స్విచ్. ఏది విడిపోయినా, ఎలుక తీగ కొరికినా, కాంటాక్టర్ పడిపోతుంది, అంటే విడిపోయి హీటర్లకు కరెంటు ఆపేస్తుంది. కాంటాక్టర్ కూడా అతుక్కుపోవచ్చు కదా? పోవచ్చు. రోజూ వందలసార్లు ఆన్ ఆఫ్ చేసే పని ఎస్‌ఎస్‌ఆర్‌లదే కాబట్టి దీనికి ఆ ముప్పు తక్కువ. అయినా ఇంత పెద్ద ట్యాంకుకు నేనైతే రెండు కాంటాక్టర్లు వరసగా వేస్తాను. ఖర్చు గురించి గొణిగే యజమానికి పైన చేసిన లెక్క చూపించండి.

ట్యాంకు మీద గాలిగొట్టానికి వాల్వు ఎప్పుడూ వద్దు. లీటరు నీళ్లు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా ఉబ్బుతాయి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే కోసేసే స్విచ్), ఎర్త్ సంగతి 2వ పాఠంలో చెప్పుకున్నాం. ప్యానెల్లో చెయ్యి పెట్టడం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పని, మనది డ్రాయింగు.

పరీక్ష ఇలా: నీళ్లు 60లో ఉండగా థర్మోస్టాట్‌ను 50కి తిప్పండి. కాంటాక్టర్ 'ఠక్'మని పడాలి. తిరిగి 75కి తిప్పినా, రీసెట్ నొక్కేదాకా లేవకూడదు. తర్వాత ఫ్లోట్‌ను చేత్తో దించి చూడండి. మూడు నెలలకోసారి చేసి, తేదీ ప్యానెల్ తలుపు లోపల రాయండి.

ఇంటి పని: 2,000 లీటర్లు, 18 కిలోవాట్లు. నీళ్లు 55లో ఉండగా కంట్రోలరు హీటర్లన్నీ వేసే ఉంచి అతుక్కుపోయింది. 80కి పెట్టిన థర్మోస్టాట్ ఎన్ని గంటలకు కోస్తుంది? జవాబు 5వ పాఠం మొదట్లో.