వానలకు ముందు ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గూడేలకు వెళ్తున్నారా? ఇవి చూసుకోండి

జూన్‌లోపే ఒక విడత సర్వే ముగించాలని భద్రాచలం, చర్ల వైపు స్వచ్ఛంద సంస్థలన్నీ హడావుడిగా ఉంటాయి. బయల్దేరే ముందు:

• పోలీసు బండిలో లిఫ్ట్ అడగొద్దు. మీరు సాయంత్రానికి వచ్చేస్తారు, మీతో మాట్లాడిన మనిషికి మాత్రం ఇన్‌ఫార్మర్ అన్న పేరు మిగిలిపోతుంది. అవతలి పక్షం, అంటే మావోయిస్టుల గురించి ఆరా తీసినా అంతే.

• నడిచిన బాట దిగొద్దు. కాల్పులు తగ్గినంత మాత్రాన పాతిన మందుపాతరలు వాటంతటవే పోవు. 2024 జూన్‌లో ములుగు జిల్లా అడవిలో కట్టెలకు వెళ్లిన మనిషి అలాగే చనిపోయాడు. మూత్రానికైనా సరే, బాట పక్కనే కానివ్వండి. సిగ్గు తర్వాత.

• ట్యాబ్‌లో ఫొటోలకు లొకేషన్ ఆపేయండి. లిస్టులో పేర్ల బదులు నంబర్లు వేయండి. పేర్లున్న కాగితం ఆఫీసులోనే ఉండాలి. తనిఖీలో బ్యాగ్ తెరిస్తే ఆ లిస్టు ఎవరి చేతికి వెళ్తుందో చెప్పలేం.

• "ఎప్పుడొచ్చారు, ఎందుకొచ్చారు" అని గుత్తికోయల (ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన ఆదివాసుల) దగ్గర మొదలుపెట్టొద్దు. 2005 తర్వాత సల్వాజుడుం (మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన సాయుధ దళం) రోజుల్లో ఊళ్లు వదిలి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. తెలంగాణలో వాళ్లకు ఎస్టీ గుర్తింపు లేదు, అందుకే ఫారం చూడగానే ఖాళీ చేయిస్తారేమోనని టెన్షన్ పడతారు. బోరింగు నీళ్ల గురించి అడగండి, మాట కలుస్తుంది.

• కోయ భాష వచ్చిన మనిషి ఉండాలి. ఊరి పెద్ద కొడుకునే దుబాసీగా పెట్టుకుంటే ఆడవాళ్లు నోరు విప్పరు.

• దోమతెర, మలేరియా కిట్లు. చీకటి పడేలోపు తిరుగు ప్రయాణం.