కొండమీది ఊరి నుంచి కాన్పుకు ఆసుపత్రికి: ముందుగా ఎలా సిద్ధం కావాలి?

పొడవాటి కర్రకు దుప్పటి రెండు కొసలూ బిగించి, అందులో నిండు గర్భిణిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన మోస్తూ వాగు దాటే దృశ్యాన్ని ప్రతి వానాకాలం వార్తల్లో చూస్తూనే ఉన్నాం. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో, పార్వతీపురం మన్యంలో ఇది ఇప్పటికీ మారలేదు. ఆ ఊళ్లకు రోడ్డు వేయడం ప్రభుత్వం పని, అడగడం మన హక్కు. కానీ రోడ్డు వచ్చేదాకా కడుపులో బిడ్డ ఆగదు కదా! అందుకే నొప్పులు మొదలయ్యాక డోలీ కట్టడం కాదు, నొప్పులు రాకముందే, పట్టపగలు, ఆమె తన కాళ్లతో నడిచి కొండ దిగేలా చూడాలి. గూడెంలో చదువుకున్న యువకులు, టీచర్లు, ఆశా కార్యకర్తలు, గర్భిణి ఇంటివాళ్లు కలిసి చేయవలసిన పనులు ఇవి.

1. తేదీని సంతలతో లెక్కపెట్టండి

ఆసుపత్రి కార్డు మీద కాన్పు తేదీ రాసే ఉంటుంది. ఆ కార్డు పాలిథిన్ సంచిలో భద్రంగా చుట్టి చూరులో దోపి ఉంటుంది. తేదీ మాత్రం ఎవరికీ గుర్తుండదు, ఎందుకంటే ఏజెన్సీలో వారం నడిచేది సంతతో. మరి గర్భం లెక్క కూడా వారాలదే. చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు, అంటే సరిగ్గా 40 సంతలు.

"చివరిసారి ఏ తేదీన?" అని అడిగితే జవాబు రాదు. "ఇటుకల పండుగకు ముందా, తర్వాతా? విత్తనాలు చల్లారా అప్పటికి? తర్వాత ఎన్ని సంతలకు వెళ్లావు?" అని అడగండి, వారం అటూఇటుగా తేలిపోతుంది. తొలి నెలల్లో స్కానింగ్ చేయిస్తే లెక్క మరింత గట్టిపడుతుంది. మిగిలిన సంతలు ఎన్నో అన్ని ముడులు ఒక తాడుకు వేసి గుంజకు వేలాడదీయండి. సంత నుంచి రాగానే ఒక ముడి విప్పాలి. 37వ సంత ముడికి ఎర్ర గుడ్డ పీలిక కట్టండి. అది ఇల్లు వదిలే వారం. చదువు రాని అత్తగారు కూడా ఆ పీలిక ఎంత దగ్గరపడిందో చూసి చెప్పగలదు.

2. రక్తపరీక్షలు వాయిదా వేయకండి

12వ సంతలోపే ఊళ్లకు వచ్చే ప్రభుత్వ నర్సు (ఏఎన్ఎం) దగ్గర పేరు నమోదు చేయించండి. కాన్పులోపు కనీసం నాలుగుసార్లు పరీక్షలు జరగాలి. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే రక్తహీనత, 7 కన్నా తగ్గితే ప్రమాదం. ఐరన్ మాత్రలు మింగితే మలం నల్లగా వస్తుందనీ, కొద్దిగా వికారం ఉంటుందనీ ముందే చెప్పండి. చెప్పకపోతే చాలామంది భయపడి మాత్రలు మానేస్తారు. టీతో మాత్రం వేసుకోవద్దు.

సికిల్ సెల్ పరీక్ష గురించి ప్రత్యేకంగా అడగండి. గిరిజనుల్లో ఎక్కువగా కనిపించే ఈ వంశపారంపర్య రక్తపు జబ్బు కోసం కేంద్రం 2023 జూలైలో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. భార్యాభర్తలిద్దరూ దీని వాహకులైతే, అంటే తమకు జబ్బు లేకపోయినా దాని జన్యువును మోసేవాళ్లైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. భర్తకూ పరీక్ష చేయించమనేది అందుకే. తల్లికే జబ్బు ఉన్నా, ముందు కాన్పు ఆపరేషన్ అయినా, కవలలున్నా, రక్తపోటు ఎక్కువగా ఉన్నా ఎర్ర పీలిక దాకా ఆగకండి. ఎప్పుడు దిగాలో, ఏ పెద్దాసుపత్రికి వెళ్లాలో డాక్టరునే అడగండి. పాడేరు నుంచి విశాఖపట్నంలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్ వంద కిలోమీటర్లకు పైనే. అంత దూరం నొప్పులతో వెళ్లకూడదు.

3. దారిని ఒకసారి నడిచి చూడండి

వాహనం ఎక్కడిదాకా వస్తుంది? ఫోను సిగ్నల్ ఏ బండరాయి దగ్గర అందుతుంది? వాగు పొంగితే మరో దారి ఉందా? ఎవరైనా ఒకరు నడిచి చూసి, కాగితం మీద రాసి, తాడు పక్కనే వేలాడదీయాలి. 108కు ఫోను చేసినప్పుడు గూడెం పేరు ఒక్కటే చెబితే సరిపోదు, ఒకే పేరుతో రెండు మూడు గూడేలు ఉంటాయి. మండలం, పంచాయతీ, వాహనం ఆగే మలుపు, అక్కడున్న గుర్తు కూడా చెప్పండి. ఇరుకు దారుల్లో తిరిగే ఫీడర్ బైకు అంబులెన్స్ మీ మండలంలో ఉందేమో ముందే కనుక్కోండి. డోలీ మోయగల ఆరుగురి పేర్లు కూడా ఆ కాగితం మీదే రాయండి.

రక్తస్రావం, ఫిట్స్, చూపు మసకబారేంత తలనొప్పి, ముఖం చేతులు వాయడం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ముడులు లెక్కపెట్టకుండా వెంటనే బయలుదేరాలి.

4. ఇంటివాళ్లను ఒప్పించండి

అసలు కష్టం ఇక్కడే. ఆసుపత్రి దగ్గర గర్భిణులు ముందుగా వచ్చి ఉండేందుకు వసతి గదులు కొన్నిచోట్ల ఉన్నాయి. గిరిశిఖర గ్రామాల గర్భిణుల కోసం సాలూరులో పార్వతీపురం ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) అలాంటి గృహాన్నే ఏర్పాటు చేసింది. మీకు దగ్గరలో ఎక్కడుందో పీహెచ్‌సీలోనో ఐటీడీఏలోనో అడగండి. లేకపోతే రోడ్డు పక్క ఊళ్లో చుట్టాలిల్లు చూసుకోవాలి.

కానీ రెండు మూడు వారాలు ఇల్లు వదలమంటే ఆమె అడిగే ప్రశ్నలు వేరు. పెద్దపిల్లకు అన్నం ఎవరు పెడతారు? మేకల్ని ఎవరు తోలుకెళతారు? పోడులో కలుపు ఎవరు తీస్తారు? ఇవి సాకులు కావు, ఆమె బతుకు ఇదే. కాబట్టి ఉపన్యాసం ఇవ్వకండి, ఒక్కో పనికీ ఒక్కో మనిషి పేరు చెప్పండి. ఎర్ర పీలికకు నాలుగు సంతల ముందే ఇది తేల్చుకోవాలి.

గూడెంలో పురుడు పోసే పెద్దావిడను పక్కన పెట్టకండి. ఆమెనే తోడుగా పంపండి. కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చిన అమ్మాయికి ఆసుపత్రి తెలుగు భయపెడుతుంది. నొప్పుల్లో తన భాష మాట్లాడే మనిషి పక్కన ఉంటే ఆ భయం సగం తగ్గుతుంది. ఆసుపత్రిలో ఎవరైనా కసిరినా తిరిగి మర్యాదగా అడిగే ధైర్యం ఉన్నవాళ్లు ఇంకొకరు కూడా వెంట ఉంటే మంచిది.

5. సంచి, కాగితాలు

శుభ్రంగా ఉతికి ఎండలో ఆరేసిన పాత నూలు గుడ్డలు, దుప్పటి, టార్చిలైటు, తల్లీబిడ్డ కార్డు, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం. అంతే.

దారిలోనే కాన్పు అయిపోతే బిడ్డను తుడిచి, తల్లి గుండెలకు ఆనించి, దుప్పటి కప్పి, పాలు పట్టించండి. స్నానం చేయించకండి, మాయను లాగకండి, ఆసుపత్రికి ప్రయాణం ఆపకండి.

ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, భోజనం అన్నీ ఉచితం. జననీ సురక్ష కింద గ్రామీణ గిరిజన తల్లికి 700 రూపాయలు, మాతృ వందన కింద తొలి కాన్పుకు 5,000 రూపాయలు రావాలి. దరఖాస్తు అక్కడే రాయించండి. జననం 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, దానికి రుసుము లేదు.

కాన్పయ్యాక కనీసం రెండు రోజులు అక్కడే ఉండండి. తిరిగి వచ్చేటప్పుడు ప్రభుత్వ వాహనం రోడ్డు దాకానే దింపుతుంది. అక్కడి నుంచి పచ్చి బాలింత బిడ్డనెత్తుకుని కొండెక్కడం చాలామంది ఆలోచించని విషయం. ఆ ఆరుగురు ఆ రోజు కూడా డోలీతో మలుపు దగ్గర ఉండాలి. ఇంటికి చేరాక 42 రోజుల్లో ఆశా కార్యకర్త ఆరుసార్లు వచ్చి తల్లినీ బిడ్డనూ చూడాలి. అంటే ఆరు సంతలు. అదే తాడుకు మళ్లీ ఆరు ముడులు వేసి గుంజకు కట్టండి.