కారు ఇన్వర్టర్‌పై పెల్లెట్ స్టవ్ వెలగకపోతే: ముందు తీగను కొలవండి

కరెంటు పోయినప్పుడు, చెక్కపొట్టు గుళికలను (పెల్లెట్లను) కాల్చి గదిని వేడిచేసే పెల్లెట్ స్టవ్‌ను కారు బ్యాటరీకి తగిలించిన ఇన్వర్టర్‌తో నడపడం కష్టమైన పనేమీ కాదు. అయితే అది మొరాయించినప్పుడు చాలామంది మొదట ఇన్వర్టర్‌ను, తరువాత బ్యాటరీని అనుమానిస్తారు. రెండింటినీ మార్చి డబ్బు వదిలించుకున్నాక గాని ఆ రెండింటి మధ్యనున్న తీగ వైపు చూడరు. స్టవ్‌ను, ఇన్వర్టర్‌ను, మల్టీమీటర్‌ను వాడటం మీకు వచ్చునన్న నమ్మకంతో ఇది రాస్తున్నాను.

సమస్య: ఇన్వర్టర్‌ను కారు లైటర్ సాకెట్‌కు పెట్టారు, స్టవ్ ఆన్ చేయగానే సాకెట్ పనిచేయడం మానేసింది.

ఫ్యూజు పోయింది. ఆ సాకెట్లకు సాధారణంగా 10 నుంచి 20 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లంటే 120 వాట్లే. ఇంకా పెద్ద ఫ్యూజు వేస్తే ఈసారి కాలేది తీగ. నేరుగా బ్యాటరీకే కలపాలి.

సమస్య: ఫ్యాన్ తిరుగుతుంది, డిస్‌ప్లే వెలుగుతుంది, ఇగ్నైటర్ ఆన్ అయిన కొన్ని క్షణాలకే ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోతుంది.

అసలు దొంగ ఇక్కడున్నాడు. పెల్లెట్లను అంటించే ఇగ్నైటర్ చాలా మోడళ్లలో ఒక్కటే 300 నుంచి 400 వాట్ల వరకు లాగుతుంది. మంట నిలబడ్డాక అది ఆగిపోతుంది కనుక, ఫ్యాన్లకు, పెల్లెట్లను లోపలికి నెట్టే ఆగర్ మోటారుకు కలిపి 100 వాట్ల చుట్టుపక్కల సరిపోతుంది. అంటే మొత్తం వ్యవస్థకు పరీక్ష ఆ మొదటి కొద్ది నిమిషాలే. ఆ సమయంలో 450 వాట్లు కావాలంటే, ఇన్వర్టర్‌లో పోయే నష్టం కూడా కలుపుకొని, బ్యాటరీ వైపు 40 ఆంపియర్లకు పైగా పారుతుంది. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు సుమారు 4.3 మిల్లీఓముల నిరోధం ఉంటుంది. బ్యాటరీకి మూడు మీటర్ల దూరంలో ఇన్వర్టర్ పెడితే, పోను మూడు, రాను మూడు, మొత్తం ఆరు మీటర్ల తీగలోనే దాదాపు 1.1 వోల్టులు ఆవిరైపోతాయి. అంత లోడు కింద బ్యాటరీ 11.8కి దిగిందనుకుంటే ఇన్వర్టర్‌కు అందేది 10.7, ఒక వదులు క్లిప్పు దగ్గర ఇంకో 0.3 పోతే 10.4. చాలా ఇన్వర్టర్లు 11 దగ్గర అరచి, 10.5 దగ్గర ఆగిపోయేలా తయారవుతాయి. పైగా వోల్టేజీ తగ్గే కొద్దీ అవే వాట్ల కోసం ఇన్వర్టర్ ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, దానితో తీగలో నష్టం ఇంకా పెరుగుతుంది.

ఇందులోని మాయ ఏమిటంటే, ఇన్వర్టర్ ఆగిన మరుక్షణమే లోడు పోయి వోల్టేజీ మళ్లీ పైకి లేస్తుంది. అప్పుడు మీరు మీటరు పెట్టి చూస్తే నిక్షేపంగా 12.4 కనిపిస్తుంది. నేనూ ఒకసారి ఇలాగే మోసపోయి కొత్త బ్యాటరీ కొన్నాను, ఆపై ఇంకా పెద్ద ఇన్వర్టర్ కొన్నాను, అదీ అక్కడే ఆగింది. చివరికి తేలిందేమిటంటే, మొసలి క్లిప్పుకున్న రెండు దవడల్లో ఒకదానికే తీగ బిగించి ఉంది. బ్యాటరీ టెర్మినల్‌ను గట్టిగా పట్టుకున్నది రెండోది, దానికి కరెంటు అందేది తుప్పు పట్టిన స్ప్రింగు గుండా మాత్రమే.

కనుక కొలత లోడు మీద ఉండగానే తీసుకోవాలి. మీటరును డీసీకి తిప్పి ప్రోబులను ఇన్వర్టర్ టెర్మినళ్లకు ఆనించి, ఇంకొకరిని స్టవ్ వెలిగించమనండి. అక్కడ 11కి లోపు పడిపోతూ, అదే సమయంలో బ్యాటరీ టెర్మినళ్ల మీద 11.8 నిలబడి ఉంటే దోషం మధ్యలోనిదే; బ్యాటరీ దగ్గరే పడిపోతుంటే బ్యాటరీది. తరువాత ఒక ప్రోబును బ్యాటరీ సీసపు టెర్మినల్ మీద, రెండోదాన్ని తీగ రాగి మీద పెట్టి ఒక్కొక్క అతుకును కొలవండి. మంచి అతుకు దగ్గర మిల్లీవోల్టులే కనిపిస్తాయి, 0.2 వోల్టులు దాటితే గీకి, శుభ్రం చేసి, మళ్లీ బిగించాలి.

పరిష్కారం: ఇన్వర్టర్‌ను బ్యాటరీ పక్కనే పెట్టి, ఒక మీటరు పొడవుకు మించని 16 చదరపు మిల్లీమీటర్ల తీగను లగ్గులతో (తీగ చివర తొడిగే రంధ్రమున్న లోహపు బిళ్లలతో), బోల్టులతో బిగించి, పాజిటివ్ వైపు బ్యాటరీకి దగ్గరగా సరైన ఫ్యూజు వేయండి. ఇంట్లోకి పొడవుగా లాగవలసింది ఏసీ వైపు ఎక్స్‌టెన్షన్‌ను. అక్కడ పారేది కొద్ది ఆంపియర్లే కనుక పది మీటర్లయినా నష్టం లెక్కలోకి రాదు. వెలిగించే ముందు ఇంజన్ స్టార్ట్ చేస్తే బ్యాటరీ మీద సుమారు 14 వోల్టులు ఉంటాయి కనుక ఇగ్నైటర్ గండం సులువుగా గడుస్తుంది. అయితే కారు ఆరుబయట, కిటికీలకు దూరంగా ఉండాలి. తలుపు తెరిచి ఉన్నా సరే, గ్యారేజీలో ఇంజన్ నడపకూడదు, కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే చంపుతుంది.

సమస్య: మంట వచ్చింది, కానీ ఫ్యాన్లు గుర్రుమంటున్నాయి, వేగం మారుతోంది, కాసేపటికి ఆగర్ ఆగిపోతోంది.

అది మాడిఫైడ్ సైన్ వేవ్ (నునుపైన అలకు బదులు మెట్లమెట్లుగా ఏసీ ఇచ్చే) ఇన్వర్టర్ అయి ఉంటుంది. చాలా స్టవ్‌ల బోర్డులు ఏసీ తరంగం సున్నాను దాటే క్షణాన్ని బట్టి ఫ్యాన్ వేగాన్ని నియంత్రిస్తాయి; ఈ ఇన్వర్టర్ల తరంగం సున్నా దగ్గర కాసేపు ఆగి ఉంటుంది కనుక ఆ లెక్క తప్పుతుంది. పొగను బయటికి లాగే ఫ్యాన్ మందగిస్తే, ఆ లాగుడు సరిపోతోందో లేదో కనిపెట్టే వాక్యూమ్ స్విచ్ ఆగర్‌ను ఆపేస్తుంది, మనం పొగగొట్టం విప్పి అనవసరంగా మసి తుడుస్తూ కూర్చుంటాం. గోడ సాకెట్ లాగే నునుపైన అల ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ తప్ప దీనికి మందు లేదు. (మామూలు మల్టీమీటరు ఈ తరంగాన్ని తక్కువగా చూపుతుంది, ఏ ఆకారపు తరంగాన్నైనా సరిగా కొలిచే ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరు లేకుండా ఏసీ వోల్టేజీ తగ్గిందని తీర్పు చెప్పకండి.)

సమస్య: రెండు మూడు గంటలు బాగా నడిచి ఆగిపోతోంది.

అది లోపం కాదు, లెక్క. 60 ఆంపియర్-అవర్ బ్యాటరీలో సగమే వాడుకుంటే 360 వాట్-అవర్లు. 100 వాట్ల లోడుకు, నష్టాలు పోను, మూడు గంటలు. స్టార్టింగ్ బ్యాటరీని అంతకన్నా పిండితే దాని ఆయుష్షు తగ్గుతుంది. మధ్య మధ్య ఇంజన్ నడపాలి, లేదా ఎక్కువగా ఖాళీ చేసినా తట్టుకునే డీప్ సైకిల్ బ్యాటరీ వాడాలి.

స్టవ్ ఇన్వర్టర్ మీద మాత్రమే మొరాయిస్తే దాని బోర్డు, థర్మోకపుల్ (వేడిని పసిగట్టే భాగం), ఆగర్ మోటారు పాడై ఉండటం అరుదు. గోడ సాకెట్ మీద సరిగ్గా నడిచే స్టవ్‌ను విప్పడం వృథా.

ఆపేటప్పుడు మాత్రం ఇన్వర్టర్ స్విచ్ నొక్కకండి. పొగను లాగే ఫ్యాన్ ఆగి, లోపల మిగిలిన పొగ గదిలోకి వస్తుంది. స్టవ్ బటన్‌తోనే ఆపి, ఫ్యాన్లు వాటంతట అవే నిలిచేదాకా ఇన్వర్టర్‌ను ఉంచండి. ఆ గదిలో బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఉండి తీరాలి.